మొండికేసే పిల్లికి ఇంట్లో మందు వేయడం

మాత్ర, సూది లేని సిరంజిలో 5 మిల్లీలీటర్ల నీళ్లు, మందపాటి తువ్వాలు ముందే చేతికి అందేలా పెట్టుకుని, ఆ తరువాతే పిల్లిని తీసుకురావాలి. వెంటపడి పట్టుకుంటే అది భయంతో మరింత ఎదురుతిరుగుతుంది. కాళ్లన్నీ లోపలే ఉండేలా, ఊపిరికి అడ్డం రాకుండా తువ్వాలు చుట్టి, దాని వీపు మీ వైపు ఉండేలా కూర్చోబెట్టుకోండి.

ఒక చేత్తో తలను పైనుంచి పట్టుకుని మెల్లగా పైకి వంచి, రెండో చేతి మధ్యవేలితో కింది దవడ ముందరి చిన్న పళ్లపై నొక్కి నోరు తెరిచి, మాత్రను నాలుక మీద వీలైనంత వెనక్కి వేయాలి. నోరు మూశాక పిల్లి ముక్కు నాకుకుంటే సాధారణంగా మింగినట్టే. ఆ వెంటనే నీళ్లు పట్టించడం చాలామంది వదిలేస్తారు గాని, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. ఎందుకంటే డాక్సీసైక్లిన్ (ఒక యాంటీబయాటిక్) వంటి మాత్ర పొడిగా అన్నవాహికలో అతుక్కుపోతే అక్కడ పుండు పడవచ్చు. నీళ్లైనా ద్రవ మందైనా, తల పైకెత్తకుండా, చెంప పక్క నుంచి కొద్దికొద్దిగా పోయాలి, లేకపోతే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది.

చేదు తగిలితే నురగ కక్కడం సహజమే. పశువైద్యుణ్ణి అడగకుండా మాత్రను పొడి చేయకండి. మనుషులు వాడే పారాసెటమాల్ మాత్రం ఎన్నడూ ఇవ్వకండి, ఒక్క మాత్రైనా పిల్లి ప్రాణం తీయగలదు. పిల్లి నోరు తెరిచి రొప్పుతుంటే ఆ ప్రయత్నం అక్కడితో ఆపి, వైద్యుడికి ఫోన్ చేయండి.