పాత డెస్క్‌టాప్‌కు సరిపడే ర్యామ్‌ను ఎంచుకోవడం ఎలా?

హన్మకొండ, వరంగల్, కాజీపేటలలోని జిరాక్సు దుకాణాల్లోనూ, డీటీపీ కేంద్రాల్లోనూ, ఎనుమాముల మార్కెట్ పరిసరాల్లోని అడ్తి దుకాణాల్లోనూ పదేళ్లు దాటిన డెస్క్‌టాప్‌లు ఇప్పటికీ రోజంతా పనిచేస్తూ కనిపిస్తాయి. బ్రౌజర్‌లో నాలుగైదు ట్యాబులు తెరవగానే అవి మొరాయిస్తున్నాయంటే, చాలా సందర్భాల్లో అందులో ఉన్న 2 జీబీ ర్యామ్ (పని జరుగుతున్నప్పుడు సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే మెమొరీ) చాలడం లేదని అర్థం. ర్యామ్ పెంచుకోవడం తేలికైన మార్గమే. అయితే దుకాణానికి వెళ్లి "ఒక 8 జీబీ ర్యామ్ ఇవ్వండి" అని అడిగి తెచ్చుకున్నది మన కంప్యూటర్‌లో పనిచేస్తుందన్న నమ్మకం లేదు. ఏ ర్యామ్ పడుతుందన్నది మదర్‌బోర్డు, ప్రాసెసర్, విండోస్ ఈ మూడూ కలిసి నిర్ణయిస్తాయి కాబట్టి కొనడానికి ముందు వాటి వివరాలు తెలుసుకోవాలి.

విండోస్ 10 ఉన్నట్లయితే టాస్క్ మేనేజర్‌లోని పెర్ఫార్మెన్స్ పేజీలో మెమొరీని నొక్కితే ప్రస్తుతం ఎంత ర్యామ్ ఉందో, ర్యామ్ గుచ్చే స్లాట్లు ఎన్ని ఉన్నాయో, వాటిలో ఎన్ని నిండాయో కనిపిస్తుంది. సీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మరింత ఉపయోగకరం. దాని మెయిన్‌బోర్డ్ పేజీలో బోర్డు మోడల్, చిప్‌సెట్ (బోర్డు మీది భాగాలను కలిపి నడిపే చిప్) పేర్లు, ఎస్‌పీడీ పేజీలో ఒక్కొక్క స్లాట్‌లో ఉన్న ర్యామ్ తరం, పరిమాణం, వేగం తెలుస్తాయి. కంప్యూటర్ ఆన్ కాని స్థితిలో ఉంటే క్యాబినెట్ పక్క తలుపు తీసి చూడాలి. బోర్డు మోడల్ సాధారణంగా స్లాట్ల మధ్య పెద్ద అక్షరాలతో ముద్రించి ఉంటుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో వంటి బ్రాండెడ్ యంత్రాలకైతే క్యాబినెట్ మీది మోడల్ నంబరుతో ఆ కంపెనీ సైట్‌లో వెతికితే ఎంత ర్యామ్ వరకు పడుతుందో మాన్యువల్‌లోనే దొరుకుతుంది.

మొదట చూడవలసింది తరం, అంటే ర్యామ్ డీడీఆర్2, డీడీఆర్3, డీడీఆర్4లలో ఏదన్నది. డీడీఆర్2కు 240 పిన్నులు, 1.8 వోల్టులు, డీడీఆర్3కు కూడా 240 పిన్నులే గాని 1.5 వోల్టులు, డీడీఆర్4కు 288 పిన్నులు, 1.2 వోల్టులు. డీడీఆర్2, డీడీఆర్3 రెండూ ఒకే పొడవు ఉండడం వల్ల చూపుకు ఒకటే అనిపిస్తాయి. వాటి అంచున ఉండే గాటు మాత్రం ఒకే చోట ఉండదు కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదు. కూర్చోని దాన్ని బలంగా నొక్కితే పాడయ్యేది ర్యామ్ ఒక్కటే కాదు, స్లాట్ కూడా. చిన్న క్యాబినెట్‌లలో వచ్చే కొన్ని డెస్క్‌టాప్‌లలో ల్యాప్‌టాప్ ర్యామ్ వాడతారు. దాని పొడవు సగమే ఉంటుంది కాబట్టి అది చూడగానే తెలిసిపోతుంది.

తరం కుదిరినా ర్యామ్ పనిచేయకపోవడానికి అసలు కారణం చాలావరకు చిప్పుల సాంద్రత, అంటే ర్యామ్ మీది ఒక్కొక్క చిప్పులో పట్టే మెమొరీ. దుకాణాల్లో ఎవరూ అడగని విషయం కూడా ఇదే. కోర్ 2 డ్యువో కాలపు యంత్రాల్లో ర్యామ్‌ను నియంత్రించే భాగం మదర్‌బోర్డు మీది చిప్‌సెట్‌లో ఉండేది. తర్వాతి కోర్ ఐ తరాల్లో అది ప్రాసెసర్‌లోకి మారింది. ఆ భాగం ఒక్కొక్క చిప్పులో ఎంత మెమొరీని గుర్తించగలదో దానికి ఒక హద్దు ఉంటుంది. ఇంటెల్ జీ41 చిప్‌సెట్ ఉన్న డీడీఆర్3 బోర్డులు ఇందుకు మంచి ఉదాహరణ. అవి 2 గిగాబిట్ల చిప్పుల వరకే గుర్తిస్తాయి (8 గిగాబిట్లు కలిస్తే 1 జీబీ). 4 జీబీ ర్యామ్‌ను 2 గిగాబిట్ల చిప్పులతో చేస్తే రెండు వైపులా ఎనిమిదేసి చొప్పున 16 చిప్పులు కావాలి, 4 గిగాబిట్ల చిప్పులతో చేస్తే ఒకవైపు ఎనిమిది చాలు. ఈ రెండో రకాన్ని జీ41 బోర్డులో పెడితే కంప్యూటర్ బీప్ శబ్దాలు చేస్తూ తెర నల్లగానే ఉండిపోవచ్చు, లేదా ఆన్ అయినా మెమొరీ మొత్తం కనిపించకపోవచ్చు. ర్యామ్‌లో లోపమేమీ ఉండదు, వేరే బోర్డులో అది చక్కగా పనిచేస్తుంది. అందువల్ల జీ41 ఉన్నవారు రెండు వైపులా చిప్పులున్న 4 జీబీ ర్యామ్‌నే అడిగి తీసుకోవాలి. దీనికంటే పాతదైన జీ31 చిప్‌సెట్ డీడీఆర్2 మాత్రమే తీసుకుంటుంది, మొత్తం 4 జీబీ దాటదు. 2011లో వచ్చిన హెచ్61తో ఈ ఇబ్బంది చాలావరకు తగ్గింది. రెండు స్లాట్ల హెచ్61, హెచ్81 బోర్డులకు 8 జీబీ చొప్పున రెండు, అంటే 16 జీబీ వరకు పెట్టవచ్చు. ఒకే 16 జీబీ డీడీఆర్3 స్టిక్ చవకగా దొరికిందని వాటికి తీసుకోకూడదు. అందులోని చిప్పులను ఆ ప్రాసెసర్లు గుర్తించవు.

చిప్పులు లెక్కపెట్టడంతోనే ఆగిపోకుండా ర్యామ్ మీది లేబుల్‌ను కూడా చదవాలి. ఉదాహరణకు "4జీబీ 2ఆర్‌ఎక్స్8 పీసీ3-10600యూ" అని ఉన్నదనుకుందాం. పీసీ3 అంటే డీడీఆర్3. 10600 అంటే 1333 వేగం. అలాగే 12800 అంటే 1600, డీడీఆర్2లో 6400 అంటే 800. ఎక్స్8 అన్నది చిప్పుల నిర్మాణాన్ని చెబుతుంది. చివర ఉన్న యూ అంటే మామూలు డెస్క్‌టాప్ ర్యామ్. అక్కడ ఆర్ ఉంటే అది సర్వర్ ర్యామ్, ఆకారం సరిపోయినా ఇళ్లలో వాడే బోర్డుల్లో పనిచేయదు. ఆన్‌లైన్‌లో నమ్మశక్యం కాని ధరకు దొరికే డీడీఆర్2, డీడీఆర్3 స్టిక్కులు కొన్నింటి వివరాల్లో "ఏఎండీకి మాత్రమే" అని ఒక మూల చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, అంటే అవి ఏఎండీ కంపెనీ ప్రాసెసర్లున్న బోర్డులకే. వాటిలో ఎక్స్4 చిప్పులు 16 ఉంటాయి కాబట్టి లెక్కకు సరిపోయినట్లే కనిపిస్తాయి గాని, ఇంటెల్ బోర్డులు వాటిని గుర్తించవు.

వేగం గురించి అంత ఆందోళన అవసరం లేదు. 1600 ర్యామ్‌ను 1333 వరకే తీసుకునే బోర్డులో పెడితే అది 1333తో నడుస్తుంది. రెండు వేర్వేరు వేగాలవి కలిపితే రెండూ తక్కువదాని వేగానికి దిగుతాయి. సాధ్యమైతే ఒకే పరిమాణం ఉన్నవి రెండు పెట్టడం మేలు, అప్పుడు ర్యామ్‌కు సమాచారం వచ్చిపోయే రెండు దారులూ (ఛానళ్లు) కలిసి పనిచేస్తాయి. 1.35 వోల్టుల డీడీఆర్3ఎల్ ర్యామ్ 1.5 వోల్టుల దగ్గర కూడా పనిచేస్తుంది కాబట్టి పాత బోర్డులకు దాన్ని తీసుకోవచ్చు. అయితే ఆరో తరం కోర్ ప్రాసెసర్‌తో వచ్చిన డీడీఆర్3 బోర్డులలో 1.5 వోల్టుల ర్యామ్ పెట్టడం మంచిది కాదు.

ర్యామ్ కొనేముందు విండోస్‌ను కూడా చూసుకోవాలి. పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్ కోసమో, పాత ప్రింటర్ డ్రైవర్ కోసమో డీటీపీ కేంద్రాలు 32 బిట్ విండోస్‌నే ఉంచుకుంటాయి. అది 4 జీబీకి మించి గుర్తించదు, అందులోనూ వాడుకకు వచ్చేది సాధారణంగా 3 నుంచి 3.5 జీబీ మాత్రమే. 64 బిట్‌కు మారే ఉద్దేశం లేకపోతే 8 జీబీకి పెట్టే డబ్బు వృథా. 64 బిట్ విండోస్ 7 హోమ్ బేసిక్ ఉన్నా 8 జీబీయే గరిష్ఠం.

ఎంత కొనాలన్న ప్రశ్నకు నా సలహా ఇది: డీడీఆర్3 యంత్రానికి మొత్తం 8 జీబీ చాలు, మిగిలిన డబ్బుతో హార్డ్ డిస్క్ స్థానంలో 240 జీబీ ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే వేగంగా పనిచేసే నిల్వ పరికరం) పెట్టుకుంటే తేడా మరింత బాగా తెలుస్తుంది. డీడీఆర్2 యంత్రానికైతే చేతికి వచ్చిన పాత ర్యామ్ పెట్టుకోవడం వరకే సబబు, దాని మీద ఎక్కువ ఖర్చు పెట్టడం దండగ.

పాత తరం ర్యామ్ ఎక్కువగా సెకండ్ హ్యాండ్‌లోనే దొరుకుతుంది. వరంగల్‌లో మరమ్మతు చేసే దుకాణాల్లో ముందుగా విచారించి, దొరకనప్పుడు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో వెతకవచ్చు. ఇంత దూరం వెళ్లేవారు పాత ర్యామ్‌ను విప్పి వెంట తీసుకుపోవడం, బోర్డు మోడల్ రాసుకుపోవడం మరిచిపోకూడదు. పనిచేయకపోతే మార్చి ఇస్తామన్న మాటను, గడువు తేదీతో సహా బిల్లు మీద రాయించుకోవాలి. ఎక్కడ కొన్నా లేబుల్ మీది వివరాలు, సీపీయూ-జెడ్‌లో కనిపించే వివరాలు ఒకటేనా కాదా చూసుకోవాలి, ఎందుకంటే లేబుల్ మార్చి అంటించడం కష్టమైన పని కాదు.

బిగించేటప్పుడు పవర్ వైరు పూర్తిగా తీసేసి, పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకున్న తర్వాతే ర్యామ్‌ను చేతిలోకి తీసుకోవాలి. పత్తి సీజన్‌లో మార్కెట్ దగ్గరి కంప్యూటర్ల స్లాట్లలో దుమ్ముతో పాటు సన్నని దూది పోగులు కూడా చేరతాయి కాబట్టి ముందు బ్లోయర్‌తో ఊది శుభ్రం చేయాలి. ర్యామ్‌ను అంచులతో పట్టుకుని, గాటును సరిచూసుకుని, రెండు చివరలా సమంగా నొక్కితే క్లిప్పులు వాటంతట అవే బిగుసుకుంటాయి. కొన్ని బోర్డులకు ఒకవైపే క్లిప్పు ఉంటుంది. తెర రాకపోతే కొత్తదాన్ని ఒక్కదాన్నే ఒక స్లాట్‌లో పెట్టి చూడాలి. తర్వాత ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ అనే సాఫ్ట్‌వేర్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిపి, కనీసం ఒక పూర్తి పరీక్ష ముగిసేదాకా ఆగాలి. అందులో ఒక్క ఎరుపు వరుస కనిపించినా ర్యామ్‌ను తీసి స్లాట్ మార్చి మళ్లీ పరీక్షించాలి, అప్పుడూ అదే కనిపిస్తే బిల్లుతో సహా ఆ ర్యామ్‌ను దుకాణానికి తిరిగి ఇచ్చేయాలి.