సర్దిన ఇల్లు మళ్లీ మళ్లీ చిందరవందర అవుతుంటే: లక్షణం, కారణం, పరిష్కారం

సంక్రాంతికో దసరాకో ఇల్లంతా దులిపి, అటక మీది సామాను దించి, డబ్బాలన్నీ తోమి సర్దుకున్నా నెల తిరక్కముందే ఇల్లు మళ్లీ మొదటికి వస్తోందంటే, పైకి కనిపించే చిందరను తొలగించామే గాని దాని కారణాన్ని పట్టుకోలేదని గ్రహించాలి. ఏ పని మొదలుపెట్టే ముందైనా కొత్త ప్లాస్టిక్ డబ్బాలు, ర్యాకులు కొనకండి. ఏరివేత పూర్తయితే గాని ఎంత సామాను మిగులుతుందో, దానికి ఎంత చోటు కావాలో తెలియదు.

లక్షణం: హాల్లో కుర్చీ, భోజనాల బల్ల, మంచం అంచు ఎప్పుడూ నిండి ఉంటాయి

అక్కడ పేరుకున్న వస్తువులకు ఇంట్లో స్థిరమైన చోటు లేకపోవడమో, ఉన్న చోటు దూరంగా ఉండడమో దీనికి కారణం. ఒక వారం పాటు అక్కడ ఏమేమి చేరుతున్నాయో గమనించి, వాటికి ఆ దగ్గరలోనే చోటు కల్పించండి. తాళాలకు గుమ్మం పక్కన కొక్కెం, ఛార్జర్లకు ఒక చిన్న బుట్ట చాలు. కుర్చీ మీద గుట్టగా పడేవి సాధారణంగా ఒకసారి వేసుకుని విడిచిన, ఇంకా ఉతకనక్కరలేని బట్టలే. ఉతికిన వాటితో కలిపి బీరువాలో పెట్టలేము, మాసిన బట్టల బుట్టలోనూ వేయలేము. వీటి కోసం గది మూలన ఒక దండెమో, తలుపు వెనుక నాలుగు కొక్కేలో ఏర్పాటు చేస్తే కుర్చీ ఖాళీ అవుతుంది.

లక్షణం: వంటింట్లో ఒకే సరుకు మూడు పొట్లాలు, అందులో ఒకటి పురుగు పట్టినది

కారణాలు రెండు. అలమరలో వెనుక వరుసలో ఉన్నది కంటికి ఆనదు కాబట్టి ఉన్న సరుకునే మళ్లీ కొంటాము. డబ్బా అడుగున పాతది మిగిలి ఉండగానే పైన కొత్తది పోస్తాము, దానితో అడుగున ఉన్నది నెలల తరబడి అలాగే ఉండిపోతుంది. బియ్యంలో చేరే ముక్కపురుగు గింజకు రంధ్రం చేసి లోపల గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు కూడా గింజ లోపలే పెరుగుతుంది. పురుగు మన కంటపడే సరికి అది చాలా గింజలకు పాకి ఉంటుంది.

కొత్త సరుకు తెచ్చిన రోజున డబ్బాను పూర్తిగా ఖాళీ చేసి, కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, కొత్తది అడుగున పోసి పాతది పైన వేయండి. ఏడాదికి సరిపడా బియ్యం, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు ఒకేసారి కొనే ఇళ్లలో ఆ నిల్వను వంటింట్లో కాకుండా పొడిగా ఉండే వేరే చోట ఉంచి, నెలకు కావలసినంత మాత్రమే వంటింటి డబ్బాల్లోకి తీసుకోవాలి. రవ్వ, మైదా వంటి వాటిని కొనగానే గాలి చొరని కవర్లో పెట్టి, మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్లో నాలుగు రోజులు ఉంచితే వాటిలో ఉన్న గుడ్లు చనిపోతాయి.

గిన్నెలు, పళ్లేల విషయం తేలికే. ఇంట్లో ఉన్నవారికి, మరో ఇద్దరు ముగ్గురు చుట్టాలకు సరిపడా కింది అరలో ఉంచుకుని, గుండిగలు, పెద్ద డేగిసాలు అటకెక్కించండి. ఏది ఏ పెట్టెలో ఉందో రాసిన కాగితాన్ని అటక తలుపుకు అంటించండి.

లక్షణం: బీరువా తలుపు పడదు, పట్టుచీరలు ముక్కవాసన వేస్తున్నాయి, జరీ నల్లబడింది, మడతల వెంట చీర చిట్లుతోంది

పరిష్కారానికి శ్రద్ధ ఎక్కువగా కావలసిన చోటు ఇదే, ఎందుకంటే ఇక్కడ పాడైనది మళ్లీ బాగుపడదు. అసలు జరీలో ఉండేది వెండి. గాలిలోని గంధకపు సమ్మేళనాలకు వెండి నల్లబడుతుంది, తేమ ఆ మార్పును వేగిరపరుస్తుంది. దుకాణంలో ఇచ్చిన ప్లాస్టిక్ కవర్లోనే చీరను ఉంచితే తేమ లోపలే చిక్కుకుంటుంది. ఏళ్ల తరబడి ఒకే మడత మీద ఉన్న చోట జరీ విరిగి, పట్టు చిట్లుతుంది. బీరువాను చెమ్మ గోడకు ఆనించి ఉంచితే ఈ నష్టమంతా మరింత త్వరగా జరుగుతుంది.

బీరువాను గోడ నుంచి జానెడు దూరం జరపండి. ప్రతి చీరనూ గాలి ఆడే నీడలో కొంతసేపు ఆరబెట్టి, ఉతికిన తెల్లని నూలు గుడ్డలో చుట్టి, మూడు నాలుగు నెలలకొకసారి మడత మార్చి పెట్టండి. నాఫ్తలీన్ ఉండలు చీరకు తగలకూడదు. పసిపిల్లలున్న ఇంట్లో అసలు వాడకపోవడమే మంచిదని నా గట్టి అభిప్రాయం. జీ6పీడీ అనే ఎంజైము లోపం ఉన్న బిడ్డకు ఆ ఉండలతో పాటు దాచిన బట్టలు తొడిగితే ఎర్ర రక్తకణాలు విచ్ఛిన్నమయ్యే ప్రమాదం ఉంది.

బీరువా కిక్కిరిసిపోవడానికి మరో కారణం తరచూ మన దృష్టికి రాదు. జాకెట్టు బిగుతైపోయినందువల్లే ఎన్నో చీరలు ఏళ్ల తరబడి కట్టకుండా ఉండిపోతాయి. అటువంటి వాటిని వేరు చేసి, కుట్లు విప్పించడమో కొత్తది కుట్టించడమో చేయండి. ఆ పని చేయించాలని అనిపించని చీర ఉంటే దాన్ని కట్టుకునేవారికి ఇచ్చివేయవచ్చు. కాలం చేసిన పెద్దవారి చీరలను, పంచెలను మాత్రం ఇంట్లో అందరినీ అడగకుండా తీసివేయకండి, ఆ పనిని అన్నిటికన్నా చివరకు ఉంచండి.

లక్షణం: కావలసిన కాగితం కావలసినప్పుడు దొరకదు

ఇంటి పత్రాలు, లింకు డాక్యుమెంట్లు, పట్టాదారు పాసుపుస్తకాలు, బీమా బాండ్లు కరెంటు బిల్లులతో కలిసి ఉండడమే దీనికి కారణం. అసలు పత్రాలకు ఒకే ఫైలు పెట్టి, అది ఎక్కడ ఉందో ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసేలా చూడండి. దుకాణాల్లో ఇచ్చే నున్నని బిల్లుల మీది అక్షరాలు కొన్ని నెలల్లోనే మాసిపోతాయి కాబట్టి, వారంటీ ఉన్న వస్తువు బిల్లును కొన్న రోజే ఫోటో తీసుకోవాలి.

లక్షణం: అటక, డాబా పనికిరాని సామానుతో నిండిపోయాయి

ఎప్పటికైనా పనికొస్తుందని దాచిన ప్రతి వస్తువు గురించీ ఏ పనికి, ఎవరికి అని అడగండి. సమాధానం లేనివాటిలో ఇనుము, కాగితం, ప్లాస్టిక్ పాతసామాను కొనేవారికి వెళతాయి. పాత ఫోన్లను, ముఖ్యంగా బ్యాటరీ ఉబ్బినవాటిని, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వ్యర్థాల సేకరణ కేంద్రాలకు ఇవ్వాలి. భోగి మంటలో టైర్లు, ప్లాస్టిక్ కుర్చీలు వేయడం ఇంటి బరువును వీధివారి ఊపిరితిత్తుల మీదికి నెట్టడమే అవుతుంది.

డాబా మీద పగిలిన కుండీలు, టైర్లు, కొబ్బరి చిప్పలు ఉంటే వానాకాలానికి ముందే తీసివేయండి. డెంగీని వ్యాపింపజేసే ఏడిస్ దోమ వాటిలో నిలిచిన నీటి అంచున గుడ్లు పెడుతుంది. ఆ గుడ్లు ఎండిపోయినా నెలల తరబడి బతికే ఉంటాయి కాబట్టి, ఉంచుకోదలచిన తొట్లను, బకెట్లను కేవలం బోర్లించి వదిలేయకుండా లోపలి అంచులను పీచుతో గట్టిగా రుద్ది కడగాలి.