గుడ్డ మీద గేలిక్ ఇంటి కథ – 3వ పాఠం: పేర్ల వరుస

పోయిన పాఠంలో అడుగున వేసే ముదురు రంగు లినెన్ గుడ్డ సిద్ధం చేసుకున్నాం. ఈసారి దాని మీదికి మనుషుల్ని తెద్దాం.

మనం తీసుకున్నది స్కాట్లాండ్ పడమటి దీవులైన లూయిస్, హారిస్ వైపు, గేలిక్ భాష మాట్లాడే కుటుంబం. అక్కడి ఊళ్లలో ఒకే పేరు, ఒకే ఇంటిపేరు ఉన్నవాళ్లు చాలామంది. అందుకే ఫలానా మనిషి అని చెప్పాలంటే తండ్రి, తాతల పేర్లు వరసగా తగిలిస్తారు: ఇయన్, డోనల్డ్ కొడుకు, షేమస్ మనవడు. చెట్టు బొమ్మ గీసి కొమ్మలకు పేర్లు రాయడం వద్దు. అది ఏ దేశపు ఇంటికైనా సరిపోతుంది. ఈ వరసనే గుడ్డతో కడదాం.

మూడు తరాలకు మూడు ఉన్ని పట్టీలు కావాలి, ఒక్కోటి 30 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు. ఆ దీవుల్లో నేసే ఉన్ని గుడ్డ, హారిస్ ట్వీడ్, దొరికితే సంతోషం. 1993 నాటి చట్టం ప్రకారం ఆ పేరు పెట్టాలంటే ఉన్నికి రంగు వేయడం, వడకడం ఆ దీవుల్లోనే జరగాలి, అక్కడివాళ్లు తమ ఇళ్ల దగ్గర చేత్తో నేయాలి. దొరక్కపోతే పాత ఉన్ని కోటు చాలు. క్లాన్ (వంశం) పేరుతో అమ్మే గళ్ల గుడ్డ కొని అతికించడం మాత్రం నాకు నచ్చదు. వంశానికో గళ్ల నమూనా అన్న ఏర్పాటు చాలావరకు 19వ శతాబ్దంలో స్థిరపడిందే. 1822లో బ్రిటన్ రాజు నాలుగో జార్జి స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరో వచ్చాక ఆ మోజు ఇంకా పెరిగింది.

రంగు సంగతి. రాళ్ల మీద పెరిగే క్రోటల్ అనే లైకెన్‌తో (నాచులా కనిపించేది) ఉడికిస్తే ఉన్నికి ఎర్రటి గోధుమ రంగు పడుతుంది. జాలర్లు ఆ రంగు మేజోళ్లు వేసుకుని సముద్రం మీదికి వెళ్లేవాళ్లు కాదట. రాతి నుంచి వచ్చింది రాతి దగ్గరికే పోతుందని, అంటే మనిషి మునిగిపోతాడని నమ్మకం. కాబట్టి షేమస్ చేపలు పట్టేవాడైతే అతనికి నీలం పట్టీ ఇవ్వండి. లైకెన్ కోయకండి, అది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. ఆ రంగు గుడ్డ వెతుక్కోండి.

ట్వీడ్ అంచుల్లో పోగులు ఊడతాయి. అందుకే కత్తిరించే ముందే వెనకవైపు ఇస్త్రీతో ఫ్యూజింగ్ (ఒకవైపు జిగురున్న పల్చటి గుడ్డ) అతికించండి. తర్వాత పేర్లు. మందపాటి ఉన్ని దారాన్ని అక్షరం గీత మీద పరిచి, సన్న దారంతో 5 మి.మీ.కి ఒకటి చొప్పున అడ్డకుట్లు వేయండి. మగ్గం వర్క్‌లో జరీని పట్టి కుట్టేదీ ఇలాగే. మలుపుల దగ్గర కుట్లు దగ్గరగా పడాలి. బిగించి లాగితే గుడ్డ ముడత పడుతుంది. పేర్లయ్యాక షేమస్ పట్టీని లినెన్ గుడ్డ మీద కింద పరిచి, దాని అంచు మీదికి 2 సెం.మీ. వచ్చేలా డోనల్డ్‌ది, ఆపైన ఇయన్‌ది పెట్టి తాత్కాలికంగా పొడుగు కుట్లు (టాకాలు) వేయండి.

ఈ వరసలో కనిపించేది ఎక్కువగా తండ్రులే. తల్లుల కోసం వేరే గుడ్డ చేద్దాం. ఆ దీవుల్లో మగ్గం దిగిన ఉన్ని గుడ్డను నిల్వ మూత్రంలో నానబెట్టి, ఆడవాళ్లు బల్ల చుట్టూ కూర్చుని పాట లయకు కొట్టేవాళ్లు. ఒకామె చరణం అందుకుంటే మిగతావాళ్లు పల్లవి అనేవాళ్లు. ఆ దెబ్బలకు పోగులు పెనవేసుకుని గుడ్డ చిక్కబడేది. మనకు వేడినీళ్లు, సబ్బు చాలు, టెన్షన్ పడకండి! అచ్చమైన ఉన్ని గుడ్డే తీసుకోండి. ‘సూపర్‌వాష్’ (ఉతికినా కుంచించుకోకుండా చేసిన ఉన్ని) అని ఉంటే పనికిరాదు. మన గుడ్డ కుంచించుకుంటుంది కాబట్టి కావలసినదానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. బాగా పిసికి, బల్ల మీద కొట్టి, ఓ మూల కత్తిరించి చూడండి. పోగు ఊడకపోతే అయినట్టే. ఆరాక సన్నగా కత్తిరించి, అంచు మడవకుండా, మూడు పట్టీల అతుకుల మీదుగా నిలువునా కుట్టండి. ఇక టాకాలు తీసేయవచ్చు. పట్టీలను పట్టి ఉంచేది ఈ ముక్కే.

వచ్చే పాఠంలో పాత ఉత్తరాన్ని గుడ్డ మీదికి దింపుదాం. లేజర్ ప్రింట్ తీసి ఉంచండి. ఇంక్‌జెట్ అయితే తడి తగలగానే అలుక్కుపోతుంది.