చిప్ మీద కాంతి – 6వ పాఠం: శిఖరం చీలితే లయ కలిసినట్టు కాదు

ఈసారి సోలిటాన్ల (ఆకారం చెదరకుండా తిరిగే కాంతి పల్సుల) గణితం మొదలుపెట్టాలనుకున్నాను. పోయిన పాఠం అభ్యాసానికి వచ్చిన జవాబులు చూశాక మానుకున్నాను. ఎక్కువ మంది రాసినది ఇదీ: ‘హీటరుతో రెండు వలయాల అనునాదాన్ని ఒకే తరంగదైర్ఘ్యానికి తెచ్చాం, కాబట్టి అవి సింక్రనైజ్ అయ్యాయి.’

కాలేదు. సింక్రనైజ్ కావడమంటే సొంత లయ ఉన్న రెండు ఒకే లయకు రావడం. వలయం అంటే చిప్ మీద కాంతి గుండ్రంగా తిరిగే దారి, దాని అనునాదం అంటే అది కాంతిని బాగా పట్టుకునే తరంగదైర్ఘ్యం. సోలిటాన్ లేని ఖాళీ వలయానికి సొంత లయ లేదు. లేజరు ఏ పౌనఃపున్యంతో నెడితే దానితోనే ఊగుతుంది. అది ఊయల, తోసే చెయ్యి తీసేస్తే కాసేపటికి ఆగిపోతుంది. గడియారం అలా కాదు, దాని నడక దానిదే. 1665లో హైగెన్స్ గమనించినది ఒకే ఆధారానికి వేలాడిన రెండు గడియారాలను. లోలకాలు ఎదురెదురు దిశల్లో ఊగుతూ ఒకే లయకు వచ్చాయి.

రెండు ఖాళీ వలయాలను దగ్గరికి తెస్తే కొలత గీతలో అనునాదం దగ్గర కనిపించే శిఖరం రెండుగా చీలుతుంది. అంటే వాటి పౌనఃపున్యాలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. సింక్రనైజేషన్‌లో దగ్గరికి లాక్కుంటాయి. దిశే తలకిందులు! చీలిక బొమ్మ గీసి కింద ‘సింక్రనైజేషన్’ అని రాస్తే ఇకపై సున్నా వేస్తాను.

సొంత లయ ఉన్నది వలయంలో తిరిగే సోలిటాన్ పల్సుకు. 100 మైక్రోమీటర్ల వ్యాసార్థం గల సిలికాన్ నైట్రైడ్ వలయంలో అది సెకనుకు దాదాపు 22,700 కోట్ల చుట్లు తిరుగుతుంది. పక్క వలయం వ్యాసార్థం 10 నానోమీటర్లు తేడా వచ్చినా చుట్ల లెక్క సెకనుకు రెండు కోట్లకు పైగా మారిపోతుంది. తయారీలో ఆ తేడా తప్పదు. కాబట్టే రెండింటినీ కాంతితో జోడించాలి. 2018లో కొలంబియా విశ్వవిద్యాలయం బృందం ఇలాంటి రెండు వలయాల పల్సులను 20 మీటర్ల ఫైబరు మీదుగా కూడా ఒకే లయకు తెచ్చింది.

ఆడ్లర్ సమీకరణం మీకు తెలిసిందే: దశ తేడా మారే వేగం = δ − K sin φ. φ అంటే రెండు లయల మధ్య దశ తేడా, δ అంటే జోడించకముందు వాటి పౌనఃపున్యాల తేడా, K అంటే జోడింపు బలం. నేను దీన్ని సాధించను, గీస్తాను. K sin φ వక్రం మీద δ ఎత్తులో ఒక అడ్డగీత. రెండూ కలిస్తే లయ కుదిరినట్టే. δ 30, K 50 కిలోహెర్ట్జ్ అయితే sin φ = 0.6, దశ తేడా దాదాపు 37 డిగ్రీలు. సున్నా కాదు, గమనించండి.

అభ్యాసం: K అదే, δ 60. గీత వక్రాన్ని తాకదు. అప్పుడు బీటు పౌనఃపున్యం (లయ కుదరనప్పుడు రెండింటి మధ్య మిగిలే సగటు తేడా) ఎంత? 60 అని గానీ, 10 అని గానీ వస్తే మళ్లీ చేయండి. తర్వాత కాలంతో φ ఎలా మారుతుందో చేత్తో గీసి, అది ఏ కోణం దగ్గర ఎక్కువసేపు తచ్చాడుతుందో గుర్తుపెట్టండి.