పాత కంప్యూటర్‌లో అప్‌డేట్ ఫెయిల్ అవుతోందా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

రాజమండ్రిలో మా బాబాయి డెస్క్‌టాప్ 2013లో కొన్నది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. మూడు వారాలు వరుసగా అప్‌డేట్ ఫెయిల్ అయ్యేసరికి రిపేర్ షాపుకి తీసుకెళ్తే, ఫార్మాట్ కొట్టాలి, లేదంటే కొత్తది కొనుక్కోండి అన్నారట. ఫోన్‌లో నేను అడిగింది ఒక్కటే. "కింద కుడిపక్క డేట్ ఎంత చూపిస్తోంది బాబాయ్?" 2012 జనవరి 1 అట. జబ్బు అక్కడుంది.

అందుకే ముందు ఎర్రర్ కోడ్ చూడండి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ తెరిచి అప్‌డేట్ హిస్టరీలోకి వెళ్తే ఫెయిలైన ప్రతిదాని దగ్గరా కోడ్ ఉంటుంది, ఫోన్‌తో ఫోటో తీసుకోండి. ఇంకేం ముట్టుకోకముందే మీ ఫోటోలు, డాక్యుమెంట్లు వేరే డిస్క్‌లోకి ఎక్కించుకోండి.

డేట్ వెనక్కి పోతోంది, అప్‌డేట్ సర్వర్‌కి కనెక్టే అవ్వడం లేదు

కోడ్ చాలాసార్లు 2ఎఫ్8ఎఫ్‌తో ముగుస్తుంది. బ్రౌజర్‌లో కూడా సైట్లు సేఫ్ కాదని వస్తుంది. సర్వర్ తాను అసలైనదేనని చూపించే సర్టిఫికెట్‌కి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది, మీ కంప్యూటర్ 2012లో ఉందనుకుంటే ఆ సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదు కాబట్టి నమ్మదు. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ, సీఆర్2032, 3 వోల్టులది. ఏళ్లు గడిస్తే అయిపోతుంది.

మార్చడం తేలికే కానీ ఒక్క జాగ్రత్త. బ్యాటరీ తీస్తే బయోస్ (విండోస్ కంటే ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) సెట్టింగ్స్ మొదటికి పోవచ్చు. ముందే బయోస్‌లోకి వెళ్లి సాటా మోడ్ (డిస్క్‌తో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) ఏహెచ్‌సీఐ అని ఉందో ఐడీఈ అని ఉందో ఫోటో తీసుకోండి, అది మారిపోతే విండోస్ బూట్ అవ్వక బ్లూ స్క్రీన్ వస్తుంది, డిస్క్ పోయిందని అనవసరంగా టెన్షన్ పడతారు. షట్‌డౌన్ చేసి, ప్లగ్ పీకి, ప్లస్ గుర్తు పైకి ఉండేలా కొత్తది పెట్టి, డేట్ సరిచేయండి. ల్యాప్‌టాప్ అయితే తెలిసినవాళ్లతో చేయించండి, కొన్నిటిలో బ్యాటరీకి వైర్ ఉంటుంది.

కోడ్ 80070070

సీ డ్రైవ్‌లో చోటు లేదు, అంతే. పెద్ద అప్‌డేట్‌కి 20 జీబీ ఖాళీ ఉంచండి. సెట్టింగ్స్‌లో స్టోరేజ్, అందులో టెంపరరీ ఫైల్స్ తెరిచి విండోస్ అప్‌డేట్ క్లీనప్ టిక్ పెట్టి తీసేయండి. ఆ లిస్టులోనే డౌన్‌లోడ్స్ అని కూడా ఉంటుంది, దాన్ని మాత్రం ముట్టుకోకండి. మా అక్క అలా టిక్ పెట్టి ఇంటి లోన్ కాగితాల స్కాన్‌లన్నీ పోగొట్టుకుంది.

డౌన్‌లోడ్ అవుతుంది, ఇన్‌స్టాల్ దగ్గర పడిపోతుంది

మధ్యలో కరెంటు పోయి సగం దిగిన ఫైల్ పాడై ఉండొచ్చు. స్టార్ట్ మెనూలో సర్వీసెస్ అని వెతికి తెరిచి విండోస్ అప్‌డేట్‌ని, బ్యాక్‌గ్రౌండ్ ఇంటెలిజెంట్ ట్రాన్స్‌ఫర్ సర్వీస్‌ని ఆపండి. సీ డ్రైవ్‌లో విండోస్, సాఫ్ట్‌వేర్ డిస్ట్రిబ్యూషన్, అందులో డౌన్‌లోడ్ ఫోల్డర్ ఖాళీ చేసి రీస్టార్ట్ చేయండి. అప్‌డేట్ మళ్లీ మొదటినుంచి దిగుతుంది.

గంటల తరబడి అదే శాతం దగ్గర ఆగింది

నాకు ఎక్కువ భయం దీంతోనే. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడూ 100 శాతం ఉండి, లోపల్నుంచి టిక్ టిక్‌మని చప్పుడు వస్తుంటే హార్డ్ డిస్క్ పోయే దశలో ఉండొచ్చు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి చూడండి, కాషన్ అని పసుపు రంగులో వస్తే అప్‌డేట్ సంగతి వదిలేసి డేటా కాపీ చేసుకోండి. తర్వాత ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్) వేయించండి. చప్పుడు లేకుండా, లైట్ మాత్రం మినుకుతూ ఉంటే పాత డిస్క్ మెల్లగా పనిచేస్తోందంతే, రాత్రంతా వదిలేయండి, పవర్ బటన్ నొక్కొద్దు.

రీస్టార్ట్ అయ్యాక మార్పులన్నీ వెనక్కి తీసుకుంటోంది

ఎక్కువగా డ్రైవర్ల (ప్రింటర్ లాంటివాటిని నడిపే చిన్న సాఫ్ట్‌వేర్‌ల) గొడవ. ప్రింటర్, పెన్‌డ్రైవ్ అన్నీ పీకేసి, బయటి యాంటీవైరస్ ఉంటే తీసేసి మళ్లీ ప్రయత్నించండి.

కేబీ 5034441, కోడ్ 80070643

2024 జనవరిలో వచ్చిన అప్‌డేట్ ఇది. విండోస్ మొరాయిస్తే బాగుచేసే ఫైళ్లుండే రికవరీ పార్టిషన్‌లో 250 ఎంబీ ఖాళీ లేకపోతే ఫెయిల్ అవుతుంది. మిగతావన్నీ ఎక్కుతూ ఇదొక్కటే ఆగితే మీ కంప్యూటర్ చెడిపోయినట్టు కాదు. దీనికోసం మాత్రం ఫార్మాట్ కొట్టకండి.

అసలు అప్‌డేట్లే రావడం లేదు

విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. వెర్షన్ 22హెచ్2 ఉండి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో ఈఎస్‌యూలో (ఎక్స్‌టెండెడ్ సెక్యూరిటీ అప్‌డేట్స్ అనే అదనపు సపోర్ట్‌లో) ఎన్‌రోల్ అయితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, ఆ లింక్ విండోస్ అప్‌డేట్ పేజీలోనే కనిపిస్తుంది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్, ఇంటెల్ అయితే మామూలుగా 8వ తరం ప్రాసెసర్ కావాలి కాబట్టి 2013 మెషీన్‌కి కుదరదు. బాబాయి దాన్ని ఈఎస్‌యూలో చేర్చాను. ఆయన వాడేది బ్రౌజర్, తెలుగు టైపింగ్, ప్రింటరే కాబట్టి ఆ తర్వాత లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ వేసిస్తాను.