ఆరుబయట సంతలో ఇంటి కేకులు అమ్మడం: ఏ కేకు, ఎన్ని ముక్కలు, ఎంత ధర

సంత బల్ల మీద పెట్టిన కేకు ఐదారు గంటలు ఎండకూ గాలికీ దుమ్ముకూ తట్టుకోవాలి. ఫ్రిజ్‌లోంచి తీసి అప్పటికప్పుడు కోసుకునే ఇంటి కేకుకు ఆ పరీక్ష ఉండదు. అందుకే మీ చేతికి బాగా వచ్చిన కేకు ఏదో చూసుకునే ముందు, బయట నిలిచే కేకు ఏదో చూసుకోండి. సగం లాభనష్టాలు అక్కడే తేలిపోతాయి.

ఇంకో మాట. ఇంట్లో చేసిన తినుబండారాలు బయట అమ్మాలంటే చాలా చోట్ల ఆహార భద్రతా అధికారుల దగ్గర పేరు నమోదు చేసుకోవాలి. క్రీమ్, కస్టర్డ్ ఉన్న సరుకును ఇంటి వంటగది నుంచి అమ్మనివ్వని చోట్లూ ఉన్నాయి. సంత నిర్వాహకులు కొందరు బీమా కాగితం కూడా అడుగుతారు. స్టాల్‌కు డబ్బు కట్టకముందే ఇవన్నీ కనుక్కోండి.

ఏవి వద్దు, ఏవి మేలు

5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. విప్పింగ్ క్రీమ్, కస్టర్డ్, క్రీమ్ చీజ్, కోసిన తాజా పండ్లు ఉన్న కేకు ఆ వేడిలో 2 గంటలకు మించి ఉండకూడదు. బయట 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. ఐస్ పెట్టెలో పెట్టి ఒక్కొక్కటే తీద్దామన్నా ఇంకో తంటా: చల్లటి కేకు వేడిగాలి తగలగానే చెమర్చి, పైన నీటి బొట్లు పట్టి, అలంకరణ రంగు కారిపోతుంది. ఇలాంటి కేకులకు ముందే ఆర్డర్ తీసుకుని ఇంటి దగ్గర ఇవ్వండి. సంత బల్లకు మాత్రం తేవద్దు.

బటర్‌క్రీమ్ (వెన్న, పంచదార గిలకొట్టి కేకు పైన పూసే ఐసింగ్) అంత త్వరగా చెడదు గానీ ఎండకు నిలవదు. 25 డిగ్రీలు దాటితే మెత్తబడుతుంది, 30 దాటితే జారుతుంది. కవరుకు అంటుకుని సగం ఐసింగ్ అక్కడే ఉండిపోతుంది.

నిలిచేవి లోఫ్ కేకులు, అంటే పొడవాటి టిన్‌లో కాల్చి ముక్కలుగా కోసేవి: వెన్న కేకు, నిమ్మ కేకు, చాక్లెట్ కేకు, ఎండు పండ్ల కేకు. పేర్చడం తేలిక, ప్రతి ముక్కా ఒకే బరువు తూగుతుంది, పైన ఐసింగ్ అక్కర్లేదు. అరటిపండు కేకుకు గిరాకీ బాగానే ఉంటుంది. అయితే అందులో తడి ఎక్కువ, వేడి రోజుల్లో రెండు మూడు రోజులకే బూజు పడుతుంది. దాన్ని ముందురోజే కాల్చండి.

మొదట్లో మూడు రకాలు చాలు. ఆరు రకాలు పెడితే ప్రతి రకంలోనూ నాలుగైదు ముక్కలు మిగులుతాయి.

చలికాలం సంతకైతే వెన్న బదులు నూనె మేలు. చల్లగాలికి వెన్న గడ్డకట్టి కేకు గట్టిపడుతుంది, కొన్నవాళ్లు పాత సరుకు అనుకుంటారు. పొద్దుతిరుగుడు నూనె లాంటివి గడ్డకట్టవు కాబట్టి ముక్క మెత్తగానే ఉంటుంది. వెన్నలో కొవ్వు 80 శాతం దాకా, మిగతాది ఎక్కువగా నీరు. అందుకని 250 గ్రాముల వెన్నకు బదులు 200 గ్రాముల నూనె, 50 గ్రాముల పాలు పోస్తే సరిపోతుంది. నూనెతో గాలి పట్టదు గనక, గుడ్లు, పంచదార కలిపి తెల్లగా నురగ వచ్చేదాకా గిలకొట్టాలి.

ఒక లోఫ్ కొలత

23 సెంటీమీటర్ల పొడవు, 13 వెడల్పు, 7 ఎత్తు ఉన్న టిన్‌కు: మైదా 250 గ్రాములు, వెన్న 250, పంచదార 250, పెంకు తీసిన గుడ్లు 250 (మామూలు సైజు గుడ్లు 5), బేకింగ్ పౌడర్ ఒక టీస్పూను, ఉప్పు పావు టీస్పూను, వెనిలా ఒక టీస్పూను. అన్నీ తూకమే వేయండి. కప్పులో మైదా కుదించి నింపితే ఒకలా, వదులుగా నింపితే ఇంకోలా తూగుతుంది. పది లోఫ్‌లు చేసేటప్పుడు ఆ తేడాతో ఏ రెండూ ఒకేలా రావు.

వెన్న, గుడ్లు రెండూ 20 డిగ్రీల దగ్గర ఉండాలి. వెన్న మీద వేలు నొక్కితే గుంట పడాలి, మెరుస్తూ కారకూడదు. చల్లటి గుడ్లు వేస్తే వెన్న మళ్లీ గట్టిపడి పిండి విరిగినట్టవుతుంది, పట్టిన గాలి పోయి కేకు బరువుగా వస్తుంది. వెన్న, పంచదార 5 నుంచి 7 నిమిషాలు గిలకొట్టి, గుడ్లు ఒక్కొక్కటే కలిపి, మైదా వేశాక పొడి కనబడకుండా పోయేదాకా మాత్రమే తిప్పండి. ఎక్కువ తిప్పితే కోసినప్పుడు లోపల సొరంగాల్లా బొక్కలు కనిపిస్తాయి.

160 డిగ్రీలకు వేడెక్కిన ఓవెన్‌లో 60 నుంచి 75 నిమిషాలు పడుతుంది. పుల్ల గుచ్చి చూడటం కంటే థర్మామీటర్ నమ్మకం: మధ్యలో 96 నుంచి 99 డిగ్రీలు చూపితే ఉడికినట్టు. నడిమి కుంగిందంటే బేకింగ్ పౌడర్ ఎక్కువై ఉండాలి, లేదా మొదటి 40 నిమిషాల్లో తలుపు తెరిచి ఉండాలి, లేదా తొందరపడి దించి ఉండాలి. అడుగున జిగురు చార కనిపిస్తే చాలాసార్లు కారణం సరిగా ఉడక్కపోవడమే.

ఓవెన్ ఎంత పట్టిస్తే అంతే సరుకు

ఇంటి ఓవెన్‌లో ఒకసారికి రెండు టిన్‌లు బాగా కాలతాయి. వాటి మధ్య కనీసం 5 సెంటీమీటర్ల ఖాళీ వదిలి, మూడొంతుల్లో రెండొంతుల సమయం గడిచాక అటుదిటు మార్చండి. నాలుగు టిన్‌లు కుక్కితే వేడిగాలి తిరగక అంచులు మాడతాయి, నడుమ పచ్చిగా ఉంటుంది. దించడం, ఎక్కించడంతో కలిపి విడతకు 80 నిమిషాలు అనుకోండి. 8 లోఫ్‌లకు నాలుగు విడతలు, అంటే ఐదున్నర గంటలకు దగ్గర. పిండి అంతా ఒకేసారి కలిపేసి వరుసలో పెట్టకండి. తడి తగలగానే బేకింగ్ పౌడర్ పని మొదలుపెడుతుంది, ఆఖరి విడత పిండిలో పొంగే శక్తి తగ్గిపోతుంది. ముందు విడత దిగడానికి 20 నిమిషాలుండగా తర్వాతిది కలపండి.

చల్లార్చడం, కోయడం, చుట్టడం

ఎక్కువ సరుకు పాడయ్యేది ఈ దశలోనే. టిన్‌లో పది నిమిషాలు ఉంచి వైర్ రాక్ మీదికి తీసి, అడుగు భాగం చేతికి ఏమాత్రం వెచ్చగా తగలనంతవరకు ఆగండి. లోఫ్‌కు రెండు మూడు గంటలు పడుతుంది. గోరువెచ్చగా ఉండగా చుడితే లోపలి ఆవిరి కవరుకు తగిలి నీరవుతుంది, పై పొర అంటుకుపోతుంది, మర్నాటికి ముక్కిన వాసన వస్తుంది.

చల్లారిన లోఫ్‌ను గట్టిగా చుట్టి రాత్రంతా ఉంచి, మర్నాడు పొద్దున కోయండి. తడి లోపలంతా సమానంగా పరుచుకుని వెన్న కేకు రెండో రోజుకు ఇంకా రుచిగా ఉంటుంది, పొడి రాలకుండా తెగుతుంది. రంపంలా పళ్లున్న కత్తితో ముందుకూ వెనక్కీ ఆడిస్తూ నెమ్మదిగా కోసి, ప్రతి కోతకూ కత్తిని తడిగుడ్డతో తుడవండి. స్కేలు పక్కన పెట్టుకుని 2 సెంటీమీటర్ల మందం చొప్పున కోస్తే 11 ముక్కలు వస్తాయి. రెండు చివరలూ పొట్టిగా, గట్టిగా ఉంటాయి, వాటిని రుచి చూపడానికి ఉంచండి. అమ్మకానికి మిగిలేవి 9, ఒక్కొక్కటి 80 గ్రాములకు అటూఇటూ.

ముక్కను విడివిడిగా పారదర్శకమైన కవరులో పెట్టి, మీద పేరు, తయారైన తేదీ, ఎప్పటిలోగా తినాలో, పదార్థాలు రాయండి. గోధుమ, పాలు, గుడ్లు, జీడిపప్పు బాదం లాంటివి, వేరుశనగ, నువ్వులు, సోయా ఉంటే వాటిని పెద్ద అక్షరాల్లో చూపాలి. గింజలున్న కేకు కోసిన కత్తితోనే గింజలు లేనిది కోస్తే ఆ మాట కూడా రాయాలి. అలర్జీ ఉన్నవాళ్లకు ఆ కాస్త పొడి కూడా ప్రాణం మీదికి తెస్తుంది.

ధర కట్టేటప్పుడు

మైదా, వెన్న ఖర్చు చూసి దానికి రెట్టింపు పెట్టేస్తే గిట్టుబాటు కాదు. లోఫ్‌కు పడిన ఖర్చును 11తో కాదు, 9తో భాగించండి. దానికి కవరు, లేబుల్, గ్యాస్ లేదా కరెంటు కలపండి.

తర్వాత స్టాల్ అద్దె, రవాణా, మీ కూలి. 8 లోఫ్‌లకు 72 ముక్కలు. అన్నీ అమ్ముడుపోతాయని లెక్క కట్టకండి, పదింట ఎనిమిది అనుకుంటే 58 దాకా. ఆ ఖర్చులను, అమ్ముడుపోని ముక్కల సరుకు ఖర్చునూ ఈ 58తోనే భాగించాలి. కాల్చడానికి ఐదున్నర గంటలు, కోసి చుట్టడానికి గంటన్నర, సంతలో సర్దుకుని అమ్మి తిరిగి రావడానికి ఏడు గంటలు, మొత్తం 14. అంటే గంట పనికి నాలుగే ముక్కలు. ప్రతి ముక్క ధరలో పావుగంట కూలి ఉండాలి. ఈ లెక్క వేసి చూసుకోకపోవడం వల్లే, సరుకంతా అయిపోయిన రోజు కూడా చేతిలో డబ్బు కనబడదు.

వచ్చిన అంకెను చిల్లర అక్కర్లేని దగ్గరి ధరకు సర్దండి. తక్కువకు మొదలుపెట్టి తర్వాత పెంచుదామనుకోకండి. అలవాటైన ధర పెరిగితే వచ్చేవాళ్లు వెనకాడతారు. మూడు కలిపి కొంటే కొద్దిగా తగ్గించడం మంచి పద్ధతి.

బల్ల దగ్గర

టెంట్ ఎగిరిపోవడం సంతల్లో జరిగే పెద్ద ప్రమాదాల్లో ఒకటి. ప్రతి కాలికీ 15 నుంచి 20 కిలోల బరువు కట్టండి. 20 లీటర్ల నీళ్ల క్యాన్ నింపితే 20 కిలోలు, ఇంటి నుంచి మోసుకురానక్కర్లేదు, అక్కడే నీళ్లు దొరికితే చాలు. ఎండ ఎటు తిరుగుతుందో ముందే చూసి, ఆ వైపు తెర కట్టండి. మూతపెట్టిన ప్లాస్టిక్ డబ్బా మీద ఎండ పడితే లోపల బయటికన్నా వేడెక్కుతుంది. బల్ల మీద పదో పన్నెండో ముక్కలు పెట్టి, మిగతాది బల్ల కింద, గుడ్డ కప్పిన పెట్టెల్లో నీడన ఉంచి నింపుతూ ఉండండి. సరుకును చదునుగా పరచకుండా వెనక వరుస ఎత్తు మీద పెడితే దూరం నుంచే కనిపిస్తుంది.

రుచి చూపే ముక్కలను మూత ఉన్న డబ్బాలో ఉంచి పటకారుతో మీరే ఇవ్వండి. డబ్బు పట్టుకున్న చేతితో కేకు ముట్టుకోకూడదు. గ్లవ్స్ వేసుకుని అదే చేత్తో చిల్లర ఇస్తే అవి లేనట్టే. కొళాయి ఉన్న నీళ్ల క్యాన్, సబ్బు, కింద ఒక బకెట్ తప్పనిసరి. చిన్న నోట్లు, నాణేలు ముందురోజే సిద్ధం చేసుకోండి. క్యూఆర్ కోడ్‌ను అట్టకు అతికించి నిలబెట్టండి, నెట్ సరిగా అందని చోట నగదే దిక్కు.

మిగిలినవి

రోజంతా బయట ఉన్న ముక్కలను వచ్చే వారానికి దాచవద్దు. కోయని లోఫ్‌లను మాత్రం, చల్లారిన రోజునే రెండు పొరలుగా చుట్టి ఫ్రీజర్‌లో పెడితే రెండు నెలలు బాగుంటాయి. కరిగించేటప్పుడు చుట్టు విప్పకండి. విప్పితే గాలిలోని తేమ కేకు మీద నీరుగా చేరుతుంది, విప్పకపోతే ఆ నీరు కవరు మీదే ఉంటుంది. 72 ముక్కలు తీసుకెళ్లాలా 54 చాలా అని సందేహమున్న వారం రెండు లోఫ్‌లు ఇలా దాచుకోవచ్చు.

ప్రతి సంతకూ ఒక పుస్తకంలో రాయండి: ఏ రకం ఎన్ని తెచ్చారు, ఎన్ని మిగిలాయి, ఏది ఎన్ని గంటలకు అయిపోయింది, ఎండా వానా. పదకొండింటికే అయిపోయిన రకానికి ఒక లోఫ్ పెంచండి. మూడు సంతలు వరసగా సగం మిగిలిన రకాన్ని మానేసి కొత్తది పెట్టండి.