పితికిపప్పు చేసే ముందు
చలికాలంలో మన చిత్తూరు వైపు అనపకాయలు (సొరకాయ కాదు, చిక్కుడు జాతి గింజల కాయలు) దండిగా వస్తాయి కదా. మేం నాలుగిళ్లవాళ్లం కలిసి చంద్రగిరి దగ్గర ఒక రైతుకి ముందే డబ్బులిచ్చి, వారానికో మూట తెప్పించుకుంటాం. పొద్దున కోసిన కాయ మధ్యాహ్నానికి ఇంట్లో ఉంటుంది. ఒలుస్తుంటే వేళ్లకి అంటే ఆ జిడ్డు, ఆ వాసన చాలు, తాజా కాయని తెలిసిపోతుంది.

పితికిపప్పుకి, అంటే అనపగింజల తొక్క పితికి తీసేసి ఆ పప్పుతో చేసే కూరకి, బాగా బలిసిన పచ్చిగింజలే తీసుకోండి, లేతవి కూరలోకి అలాగే వేసేయొచ్చు. రాత్రంతా నీళ్లలో నాననిస్తే పొద్దున బొటనవేలితో నొక్కగానే పప్పు జారి వస్తుంది. నానకముందే తొందరపడి పితికితే గోళ్లు నొప్పి, సగం పప్పు నలిగిపోతుంది (నా తొలిసారి అదే కథ). కుక్కర్ మాత్రం వద్దు, ముద్దయిపోతుంది. గిన్నెలోనే ఉడికించి, కొబ్బరి, గసాల మసాలా చివర్లో వేయండి. పక్కన రాగిసంగటి ఉండాల్సిందే.